చదివి వినిపించు యంత్రము

ఒకరు చదువగా పదిమంది వినుట మన దేశమున క్రొత్త యాచారము కాదు. దేవాలయ మండపమున పౌరాణికుడు పురాణము చదివి యర్థము చెప్పుచుండగా అక్షరము రానివారు సయితము భారత రామాయణ కథలను నేర్చిరి. మసీదున ఖురాను పఠనమును, ఆరాధనాలయమున లేఖన పఠనమును చెవితో విని మనస్సున నిలుపుకొన్నవారు తరతరములుగా కలరు. దూరదేశమునుండి జాబు వచ్చినప్పుడు తపాలా బంట్రోతే దానిని విప్పి, చదివి వినిపించి పోయెడి దినములు మన తాతలకు తెలియును. కావున చదువనగా కంటిపని మాత్రమే యని తలంచుట సరికాదు. చెవి ద్వారమునను చదువు వచ్చును. అయితే పూర్వము వినగోరువానికి చదువువాడొకడు దొరకవలసియుండెను. అతని తీరికకై వేచియుండవలెను. అతనికి దోచినంతయే వినవలెను. మరల చదువుమని యడుగుటకు మొగమోటపడవలెను. ఇప్పుడా పనిని యంత్రము చేయుచున్నది. దానికి విసుగు లేదు.

కంప్యూటరులోగాని సెల్‌ఫోనులోగాని యున్న వ్రాతను యంత్రమే గొంతెత్తి చదువుటను ఇంగ్లీషువారు 'టెక్స్ట్ టు స్పీచ్' అందురు. మేమీ వ్యాసమున దానిని యంత్రపఠనమని వ్యవహరింతుము. అది యెవరికి కావలెను, ఎట్లు పనిచేయును, మన తెలుగునకెట్లు వచ్చెను, దానిని వాడుకొనుటెట్లు, కొన్ని కాగితములను అది చదువలేకపోవుటకు కారణమేమి యను సంగతులను వరుసగా చెప్పుదుము. కడపటిది ముఖ్యము. ఏలయనగా యంత్రమును నిర్మించుట విద్వాంసుల పని. యంత్రము చదువగల కాగితమును వ్రాయుట మన పని.

ఎవరికి కావలెను

చూపు లేనివారికిది కావలెనని వేరుగా చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బ్రెయిలీ (1809–1852) కల్పించిన చుక్కల లిపి వారికి మొదటి వెలుగు. మన దేశభాషలకు సరిపడు భారతీ బ్రెయిలీ 1951లో అంగీకరింపబడినది. దాని విలువ యేనాటికిని తగ్గదు. కాని బ్రెయిలీ పుస్తకమునకు దళసరి కాగితమును, ప్రత్యేక ముద్రణ యంత్రమును, చాల స్థలమును కావలెను. ఒక్క పాఠ్యపుస్తకమే పలు సంపుటములగును. నేటి యుదయపు దినపత్రికయో, బడి గోడకు నిన్న నంటించిన ప్రకటనయో బ్రెయిలీలో దొరకుట యరుదు. ఆ లోటును యంత్రపఠనము తీర్చుచున్నది.

చూపున్నవారిలోను దీనివలన మేలు పొందువారు పెక్కుమంది కలరు. వయస్సుచే దృష్టి మందగించిన తాతలును అవ్వలును. అక్షరములను ధ్వనులతో జతపరచుట కష్టమై చదువున వెనుకబడు పిల్లలు, అనగా వైద్యులు డిస్లెక్సియా యను లోపము గలవారు. అక్షరాభ్యాసమునకు నోచుకొనని తల్లిదండ్రులు. ఇందు మన పాతబస్తీకొక విశేషము కలదు. చార్మినారునుండి శాలిబండ వరకు ఏ వీథిలో నడచినను ఉర్దూ, తెలుగు రెండును చెవిని బడును. ఇంట ఉర్దూ మాటలాడి బడిలో తెలుగు వ్రాయు బాలబాలికలెందరో యున్నారు. వారి తల్లులలో పలువురకు తెలుగు చెప్పిన తెలియును, చూపిన తెలియదు. బజారున బేరమాడుటకు, ఆసుపత్రిలో మాటలాడుటకు తగినంత తెలుగు వారికి వచ్చును. అక్షరములు మాత్రము రావు. బడినుండి యుత్తరము వచ్చినచో దానిని బిడ్డయే చదివి చెప్పవలెను. ఆ యుత్తరము బిడ్డ యల్లరిని గూర్చినదైనచో ఆ పఠనమెంత నమ్మదగినదో యుపాధ్యాయులకును విద్యార్థులకును తెలియనిది కాదు. ఆ తల్లికి బిడ్డపై నాధారపడక తానే వినగలుగుట చిన్న సంగతి కాదు.

యంత్రమెట్లు చదువును

దారుషిఫాలోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకు పోయినవారందరును అచటి పెద్ద గడియారమును చూచియుందురు. గంట గంటకును లోపలినుండి యొక చిన్న గడ్డపు బొమ్మ వెలికివచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని దెబ్బలు గంటపై కొట్టి, మరల లోనికి పోవును. దానిని చూచుటకు జనులు ముందుగనే వచ్చి కూర్చుందురు. ఆ బొమ్మకు కాలజ్ఞానము లేదు. లోపలి చక్రములెట్లు నడిపిన నట్లు నడచును. చదువు యంత్రమును అట్టిదే. మనవలె నర్థము గ్రహించి, సంతోషమునకు సంతోషించి, దుఃఖమునకు దుఃఖించి చదువునది కాదు. దాని పనిని మూడు మెట్లుగా విభజింపవచ్చును.

మొదటి మెట్టు వ్రాతను మాటలుగా విప్పుట. "చార్మినారు 1591లో కట్టబడెను" అను వాక్యములో అంకెలను 'వేయి యైదువందల తొంబదియొకటి' యని చదువవలెను. అదే వాక్యములో టెలిఫోను సంఖ్య యున్నచో ఒక్కొక్క యంకెను విడివిడిగా చదువవలెను. 'కి.మీ.' కనబడినచో కిలోమీటర్లనియు, 'డా.' కనబడినచో డాక్టరనియు పలుకవలెను. ఈ సంకేతములను నేర్పనిచో యంత్రము 'డా' యని పలికి, చుక్కను చూచి వాక్యము ముగిసినదనుకొని యాగును.

రెండవ మెట్టు అక్షరములను ధ్వనులుగా మార్చుట. ఈ మెట్టున మన భాష యంత్రమునకు మేలు చేయుచున్నది. ఇంగ్లీషున నొకే యక్షరముల గుంపు ఒకచోట నొకవిధముగను, వేరొకచోట వేరొకవిధముగను పలుకబడును. కావున దానికి వేలకొలది మాటల పట్టికను వెంటనుంచవలెను. ఉర్దూలో మరియొక చిక్కు కలదు. అందు హ్రస్వస్వరముల గుర్తులను సాధారణముగా వ్రాయరు. అలిఫ్, సీన్ అను రెండక్షరములతో వ్రాసిన మాట 'ఇస్' కావచ్చును, 'ఉస్' కావచ్చును. మొదటిది దగ్గరదానిని, రెండవది దూరపుదానిని చెప్పును. చదువరి సందర్భమునుబట్టి గ్రహించును, యంత్రమూహింపవలెను. తెలుగున వ్రాసినదే పలుకుదుము, పలికినదే వ్రాయుదుము. అయినను మన భాషయందును ముళ్ళు లేకపోలేదు. 'పంట', 'పంది', 'పంపు' అను మూడు మాటలలోను సున్న యొక్కటే. కాని దాని తరువాతి హల్లునుబట్టి దాని ధ్వని మూడు విధములుగా మారును. 'చలి' యందలి చకారము దంత్యము, 'చంద్రుడు' అందలి చకారము తాలవ్యము. ఏది తెలుగు మాట, ఏది సంస్కృతమునుండి వచ్చినదని తెలియనిచో ఈ భేదము తెలియదు. వ్యాకరణము పాఠశాలలో మాత్రమే పనికివచ్చుననుకొనువారు దీనిని గమనింతురు గాక.

మూడవ మెట్టు ధ్వనులకు గొంతునిచ్చుట. పూర్వపు పద్ధతిలో నొక మనుష్యునిచే పలికించి, ఆ పలుకులను చిన్న తునుకలుగా కోసి దాచి, కావలసినప్పుడు దండగ్రుచ్చినట్లు కూర్చెడివారు. అతుకులు చెవికి తెలియుచుండెడివి. ఇప్పటి పద్ధతిలో నొకరు గంటలకొలది చదివిన శబ్దమును, దానికి సరియైన వ్రాతను కలిపి న్యూరల్ నెట్‌వర్కు అను గణనపద్ధతికి నప్పగింతురు. ఏ వ్రాతకేది ధ్వనియో అది తానే యలవరచుకొని క్రొత్త వాక్యములను సయితము పలుకును. ఈ గొంతులు చాలవరకు మనుష్యుల గొంతును బోలియున్నవి.

ఎట్లు వచ్చెను

మాటలాడు యంత్రమును నిర్మింపవలెనను కోరిక ప్రాతది. వియన్నా నగరమున వుల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అను నతడు కొలిమితిత్తిని ఊపిరితిత్తులుగా నమర్చి కొన్ని మాటలను పలికించు యంత్రమును చేసి, దానిని గూర్చి 1791లో గ్రంథము ప్రకటించెను. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున బెల్ పరిశోధనశాలవారు 'వోడర్' అను విద్యుద్యంత్రమును చూపిరి. శిక్షితురాలగు స్త్రీ మీటలను నొక్కుచు దానిచే మాటలాడించెను. అవి మాటలాడినవే కాని చదువలేదు. అచ్చుపుటను తానే చూచి చదువు యంత్రమును 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ అంధులకొరకు వెల్లడి చేసెను. పిమ్మట డెన్నిస్ క్లాట్ అను శాస్త్రజ్ఞుని కృషివలన గొంతు మరింత స్పష్టమయ్యెను. మాట పడిపోయిన భౌతికశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ లోకమునకు వినిపించిన యంత్రపు గొంతు క్లాట్ పరిశోధననుండి పుట్టినదే.

తెలుగునకు గొంతు నేర్పిన పనిలో మన హైదరాబాదు పాలు పెద్దది. 1998లో గచ్చిబౌలియందు నెలకొన్న అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, మొదటినుండియు భాషాయంత్రములపై శ్రద్ధ వహించినది. ఆ సంస్థకు పెద్దదిక్కుగా నిలిచిన రాజ్ రెడ్డిగారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిరి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున యంత్రమునకు మనుష్యుని మాట గ్రహించుట నేర్పు పరిశోధనలు చేసి, 1994లో కంప్యూటరు శాస్త్రమున నత్యున్నతమగు ట్యూరింగ్ పురస్కారమును మరియొకరితో కలిసి పొందిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమువారు నిర్మించిన 'ఫెస్టివల్' అను పద్ధతిపై తెలుగు గొంతు తయారయ్యెను. తరువాత భారత ప్రభుత్వ సాహాయ్యముతో మద్రాసు ఐ.ఐ.టి. నాయకత్వమున పలు సంస్థలు కూడి భారతీయ భాషలకు గొంతులు సిద్ధపరచినవి. అందు హైదరాబాదు ట్రిపుల్ ఐటీయు పాల్గొనినది. 2022లో కేంద్ర ప్రభుత్వము 'భాషిణి' యను భాషాసేవను ప్రారంభించినది.

ఇచట నిద్దరు అంధ యువకులను స్మరింపక తప్పదు. మైఖేల్ కర్రన్, జేమ్స్ టే అను ఆస్ట్రేలియా వాసులు, కంప్యూటరు తెరను చదువు ఉపకరణములు మిక్కిలి ఖరీదైనవని చూచి, 2006లో తామే యొకదానిని వ్రాయ మొదలిడిరి. అదియే ఎన్.వి.డి.ఎ. దానిని లోకములో నెవరైనను వెల లేకుండ తీసికొనవచ్చును. దానితోకూడ వచ్చు 'ఈస్పీక్' అను చిన్న గొంతునకు తెలుగును వచ్చును. ఆ గొంతు కొంత కరకుగా నుండును. కాని మిక్కిలి వేగముగా చదివినను మాట చెడదు. అలవాటుపడిన యంధులు మనము పోల్చుకొనజాలని వేగమున వినుచు పనిచేయుదురు. నగరమున బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలయు, 1987లో స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలోని పునరావాస విభాగమును ఈ విషయమున శ్రమించు స్థానములలోనివి.

వాడుకొనుటెట్లు

ఇందుకు క్రొత్త యంత్రము కొననక్కరలేదు. ఇంటనున్న సెల్‌ఫోను చాలును. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగులు తెరచి, యాక్సెసిబిలిటీ యను భాగమునకు పోయినచో 'సెలెక్ట్ టు స్పీక్' అనునది కనబడును. దానిని నెలకొల్పినపిమ్మట తెరపై నొక భాగమును వ్రేలితో తాకినచో దానిని మాత్రము చదువును. ఇది చూపున్నవారికి తగినది. చూపు లేనివారికి 'టాక్‌బ్యాక్' అనునది కలదు. అది వ్రేలి క్రిందికి వచ్చిన ప్రతిదానిని పలుకుచు ఫోనునంతటిని చెవితోనే నడుపనిచ్చును. ఐఫోనులో 'స్పీక్ స్క్రీన్' అనుదానిని నెలకొల్పి, తెర పైయంచునుండి రెండు వ్రేళ్ళను క్రిందికి లాగినచో పుటను చదువ నారంభించును. కంప్యూటరున మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో 'రీడ్ ఎలౌడ్' అను మీట కలదు. అందు తెలుగునకు పురుషుని గొంతును, స్త్రీ గొంతును ఉన్నవి.

గొంతునకు సంబంధించిన సెట్టింగులలో భాషను తెలుగుగా నేర్పరచుట మరువరాదు. లేనిచో ఇంగ్లీషు గొంతు తెలుగును చదువబోయి మూగపోవును, లేక చిత్రముగా పలుకును. తెలుగు గొంతును ఒక్కసారి దిగుమతి చేసికొన్నచో పలు ఫోనులలో ఇంటర్నెట్టు లేనప్పుడును పనిచేయును. మొదట వేగమును తగ్గించి విని, అలవాటైనకొలది పెంచుకొనవలెను. నలుగురిలో నున్నప్పుడు చెవిగొట్టమును పెట్టుకొనుట మర్యాద. బ్యాంకు కాగితములు, వైద్యుని చీటీలు మొదలగు సొంత సంగతులను బజారున బిగ్గరగా చదివింపరాదు. కొన్ని సేవలు మన వ్రాతను దూరమందలి కంప్యూటరులకు పంపి చదివించుననియు నెరిగి, రహస్యమైన కాగితములను వాని కప్పగింపకుండుట మంచిది.

కొన్ని కాగితములు పలుకవేల

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చితిమి. మన తెలుగు కాగితములలో చాల భాగము యంత్రము నెదుట మూగగా నుండును. దీనికి రెండు కారణములు కలవు.

మొదటిది, అక్షరమునకు బదులు అక్షరపు బొమ్మ యుండుట. అచ్చుకాగితమును ఫోటో తీసి పంపినచో మన కంటికి అక్షరములు కనబడును. యంత్రమునకు మాత్రమది నలుపు తెలుపు చుక్కల గుంపు. చెట్టు బొమ్మకును, చెట్టు అను మాట బొమ్మకును దానికి భేదము లేదు. 2000వ దశకమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట అనేక తెలుగు గ్రంథములను పుట పుటయు చిత్రించి భద్రపరచిరి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ యా కార్యమున ప్రధాన కేంద్రములలో నొకటి. నశించిపోవలసిన పుస్తకములను కాపాడిన పుణ్యము వారిది. అయితే పుటలు బొమ్మలుగా నున్నంతకాలము చూపు లేనివానికి ఆ పుస్తకశాల తలుపులు మూసియున్నట్లే. ఉర్దూ సంగతియు నిట్టిదే. కాతిబులు చేతితో వ్రాసిన యందమును విడువలేక ఉర్దూ దినపత్రికలు పలు సంవత్సరములు తమ పుటలను ఇంటర్నెట్టున బొమ్మలుగానే ప్రకటించినవి.

రెండవ కారణము మరింత మోసకరమైనది. కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచును. 1991లో వెలువడిన యూనికోడ్ అను ప్రమాణము లోకమందలి లిపులకు వేరువేరు సంఖ్యల నిచ్చినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కలవు. 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. గుడి సంఖ్య 3135. కావున 'కి' అనగా 3093, 3135. ఈ సంఖ్యలు లోకమందెచటనైనను తెలుగే. కాని యూనికోడ్ వ్యాప్తిలోనికి రాకమునుపు మన ముద్రాపకులు వేరొక యుపాయము పన్నిరి. ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన సంఖ్యల స్థానమున తెలుగు అక్షరపు ముక్కలను అమర్చిరి. తెరపైనను కాగితముపైనను చక్కని తెలుగు కనబడును. లోపల దాగినవి మాత్రము ఇంగ్లీషు అక్షరములును గుర్తులును. ఆ కాలమునకది తెలివైన యుపాయమే. దానివలన మన పత్రికలును పుస్తకములును వెలువడినవి. కాని యంత్రము బయటి వేషమును చూడదు, లోపలి సంఖ్యను చూచును. అట్టి కాగితమును చదువుమన్నచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములను వల్లించును. ఆ ప్రాత ఫాంటులు పలు అచ్చుకూటములలో నేటికిని వాడుకలో నున్నవి. ఛత్తా బజారు మొదలగు చోట్ల పెండ్లిపత్రికలకు దానివలన నష్టము లేదు. ఏలయనగా కాగితముపై నచ్చుపడుటతో వాని పని తీరును. పాఠ్యపుస్తకము, ప్రభుత్వ ప్రకటన, బడి యుత్తరము అట్లు కాదు.

కాగితము పలుకునో పలుకదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. తెరపై నొక మాటను వ్రేలితో నొక్కిపట్టుడు. అది యెన్నికగాక పుటయంతయు కదలినచో అది బొమ్మ. ఎన్నికైనచో దానిని నకలు తీసి వేరొకచోట నంటింపుడు. తెలుగుగా నిలిచినచో అది నిజమైన యక్షరము. ఇంగ్లీషు గుర్తులుగా మారినచో వేషము వేసిన యక్షరము.

బొమ్మలోని యక్షరములను గుర్తించి నిజమైన యక్షరములుగా మార్చు ఉపకరణములు కలవు, వానిని ఓ.సి.ఆర్. అందురు. అవి నానాటికి మెరుగగుచున్నవి. అయినను 'ప'ను 'వ'గా నెంచి 'పాలు'ను 'వాలు' చేయుట, ప్రాత యచ్చులో నొత్తును పోగొట్టుట వానికి వాడుక. కావున మనుష్యుడొకడు సరిచూడవలెను. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద సేవకులు ప్రాత గ్రంథముల పుటలను ఒక్కొక్కటిగా నిట్లు సరిచూచి నిజమైన యక్షరములుగా మార్చుచున్నారు. మన దేశమున రచయిత గతించిన 60 సంవత్సరములకు ఆతని రచనపై హక్కు తీరును గనుక అట్టి గ్రంథములను ప్రచురించుట కాటంకము లేదు.

చట్టమేమి చెప్పును

హక్కులు తీరని పుస్తకముల మాట యేమని యడుగవచ్చును. 2012లో సవరింపబడిన మన కాపీరైటు చట్టము అంగలోపము గలవారి చదువుకొరకు పుస్తకమును వారికి తగిన రూపమునకు మార్చుకొననిచ్చుచున్నది. 2013లో మొరాకో దేశపు మర్రాకేష్ నగరమున ఇదే యుద్దేశముతో అంతర్జాతీయ సంధి కుదిరెను. 2014లో దానిని మొట్టమొదట ధ్రువపరచిన దేశము భారతదేశము. 2016లో అట్టి పుస్తకముల నిలయముగా 'సుగమ్య పుస్తకాలయ' ఇంటర్నెట్టున ప్రారంభింపబడినది. ఆ సంవత్సరమే వికలాంగుల హక్కుల చట్టమును వచ్చినది. చట్టము దారి చూపినది. దారిని నడువవలసినది మనము.

యంత్రము చేయజాలనిది

యంత్రమును పొగడుచు దాని హద్దులను మరువరాదు. పద్యమును గద్యమువలె చదివివేయును. ఊరి పేర్లను, ఇంటిపేర్లను ఒక్కొక్కప్పుడు వికారముగా పలుకును. పట్టికను వరుస తప్పించి చదివి మార్కులను తారుమారు చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, వినుట మాత్రముచే వర్ణక్రమము రాదు. 'ఋణము' అనినను 'రుణము' అనినను చెవికి భేదము తోచదు. కావున చదువ నేర్చుకొను పిల్లలు వ్రేలిని వరుస వెంబడి నడుపుచు వినుట మేలు. చూపు లేని పిల్లలు యంత్రమున్నదని బ్రెయిలీని మానరాదు.

చూపును చదువును గలవారికి సయితము ఇందొక లాభము కలదు. తాము వ్రాసిన వ్యాసమును యంత్రముచే చదివించి వినినచో జారిపోయిన మాట, రెండుమార్లు పడిన మాట, ముగియని వాక్యము వెంటనే పట్టుబడును. కన్ను తాను వ్రాయదలచినదానిని చూచును. యంత్రము వ్రాసినదానినే చదువును.

మనము చేయవలసినది

పై సంగతులనుబట్టి కొన్ని నియమములు తేలుచున్నవి. ఇవి విద్యార్థులకును, తల్లిదండ్రులకును, పాఠశాల కార్యాలయమునకును సమానములు.

మొదటిది: తెలుగును యూనికోడ్‌లోనే కూర్పవలెను. ఫోనులలోని తెలుగు కీబోర్డులు ఇట్లే వ్రాయును.

రెండవది: ఇంటిపనిని, సెలవు ప్రకటనను, పరీక్షల పట్టికను ఫోటో తీసి పంపుటకు బదులు అక్షరములుగా పంపవలెను. ఫోటో పంపక తప్పనిచో దానిక్రింద సంగతిని రెండు వాక్యములలో వ్రాయవలెను.

మూడవది: అక్షరపు సున్నకు బదులు అంకె సున్న పెట్టరాదు. 'రంగు' అనుచోట అంకె సున్న పెట్టినచో కంటికి సరిగానే యుండును. యంత్రము మాత్రము రంగును పలుకక అంకెను పలుకును.

నాలుగవది: కామా, చుక్క మొదలగు గుర్తులను తగినచోట నుంచవలెను. అవి లేనిచో యంత్రము ఊపిరి తీయక పరుగెత్తును. సంకేతాక్షరములకు బదులు పూర్తి మాట వ్రాయుట మంచిది.

ఐదవది: పాఠములో పటముగాని బొమ్మగాని యున్నచో అందేమున్నదో చిన్న వర్ణన చేర్చవలెను. "క్రింది పటమును చూడుడు" అనినంత మాత్రమున చూపు లేనివానికి తెలిసినదేమి?

ఈ నియమములలో ఖర్చుతో కూడినది యొక్కటియు లేదు. కొంచెము శ్రద్ధయు, ఎదుటివాని చెవిని తలచుకొనుటయు చాలును.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీలో ప్రతి యొక్కరును ఈ సంచికనుండి యొక పుటను తెలుగు యూనికోడ్‌లో కూర్చి, కన్నులు మూసికొని యంత్రముచే చదివించి వినుడు. చెవికి తగిలిన తప్పులను దిద్ది, మరల వినుడు. తరువాత దానిని ఇంట చదువు రానివారికో, చూపు మందగించినవారికో వినిపించి, వారికేది తెలిసినదో, ఏది తెలియలేదో యడిగి వ్రాసికొని రండు. ఉపాధ్యాయులకును కార్యాలయమువారికిని మా మనవి యొక్కటే: బడినుండి యింటికి పోవు కాగితమును పంపుటకు ముందొకసారి యంత్రముచే చదివించి వినుడు. అది మనకు సరిగా వినబడినచో ఇంట వేచియున్న తల్లికిని, తరగతిలో మన ప్రక్కబల్లపై కూర్చున్న చూపు లేని సహాధ్యాయికిని వినబడును.